ఫుట్‌నోట్లు, గ్రంథసూచి: కంప్యూటర్ చేసే పని, మనం చేయాల్సిన పని

పీహెచ్‌డీ పూర్తి చేసినవాళ్లను పలకరించి, థీసిస్‌లో ఏ భాగం దగ్గర ఎక్కువ అవస్థ పడ్డారని అడిగి చూడండి. చాలామంది ఏ అధ్యాయం పేరూ చెప్పరు. పుట అడుగున ఉండే ఫుట్‌నోట్లు అంటారు, చివర ఉండే ఉపయుక్త గ్రంథసూచి అంటారు. ఏళ్ల తరబడి చదివినవన్నీ ఆఖరి పక్షం రోజుల్లో కూర్చుని పేర్చడం మొదలుపెడతారు. ఒక పుస్తకానికి ప్రచురణకర్త పేరు రాసుకోలేదు. ఒక వ్యాసానికి పుట సంఖ్య ఉంది, పత్రిక ఏ నెలదో లేదు. ఫుట్‌నోట్‌లో 1978 అని ఉన్న పుస్తకం చివరి పట్టికలో 1987 అయింది. ఇంటిపేరు ముందు రావాలని గైడు చెబితే అంతా మార్చారు. ప్రీ సబ్మిషన్ సెమినార్‌లో ఇంకొకరు, సంవత్సరం రచయిత పేరు పక్కనే ఉండాలంటే మళ్లీ మొదటి నుంచి మార్చారు. మార్చిన ప్రతిసారీ కొత్త తప్పు ఒకటి వచ్చి చేరుతుంది.

ఈ శ్రమలో చాలా భాగాన్ని తప్పించే సాఫ్ట్‌వేర్ వచ్చి దాదాపు నలభై ఏళ్లయింది. దాన్ని రిఫరెన్స్ మేనేజర్ అంటారు. లెక్కలు, భౌతిక శాస్త్రం చదివేవాళ్లకు 1985 నుంచి బిబ్‌టెక్ ఉంది. ఎండ్‌నోట్ అనే దాన్ని డబ్బు పెట్టి కొనుక్కోవాలి. మెండలీ అనే ఇంకొకటి 2013 నుంచి ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ చేతిలో ఉంది. ఈ రోజు నేను ఎక్కువగా చెప్పబోయేది జొటేరో గురించి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలో, చరిత్ర పరిశోధకులు నడిపే కేంద్రం ఒకటి 2006లో దాన్ని తయారుచేసి ఉచితంగా విడుదల చేసింది. ఇప్పటికీ ఉచితమే. ఆర్కైవుల్లో కూర్చుని ఫుట్‌నోట్లు రాసుకునే చరిత్రకారులే చేయించుకున్న సాఫ్ట్‌వేర్ కాబట్టి, సాహిత్యం, చరిత్ర చదివే మన పిల్లల అవసరాలకు అది బాగా సరిపోతుంది.

అది పనిచేసే తీరు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వెనకటి పరిశోధకులు ఒక్కో పుస్తకానికి ఒక్కో కార్డు రాసుకుని అట్టపెట్టెలో వరసగా పెట్టుకునేవారు. ఇందులోనూ అలాంటి కార్డులే. ప్రతి కార్డులో గళ్లుంటాయి. రచయిత, శీర్షిక, ఏ ఊళ్లో అచ్చయింది, ఎవరు వేశారు, ఏ సంవత్సరం, ఎన్నో ముద్రణ, ఏ భాష. మీరు వర్డులోనో, లిబ్రాఫీసులోనో, గూగుల్ డాక్స్‌లోనో రాసుకుంటూ పోతారు. ఫుట్‌నోట్ కావలసిన చోట బొత్తం నొక్కి, పుస్తకం పేరులో నాలుగక్షరాలు కొడితే ఆ కార్డు వస్తుంది. పుట సంఖ్య వేస్తే ఫుట్‌నోట్ పడుతుంది. చివర గ్రంథసూచి అడిగితే, మీరు ఉదహరించిన పుస్తకాలన్నీ వరస క్రమంలో వచ్చేస్తాయి. ఫుట్‌నోట్‌లో ఒక సంవత్సరం, పట్టికలో ఇంకొక సంవత్సరం ఉండే అవకాశం లేదు. రెండూ ఒకే కార్డులోంచి వస్తున్నాయి.

దీని విలువ తెలియాలంటే ‘పైదే’ సంగతి చూడండి. ఒకే పుస్తకాన్ని వరుసగా మూడు ఫుట్‌నోట్లలో చెప్పాల్సి వస్తే, మొదట పూర్తి వివరం రాసి, తర్వాత రెండింటికీ ‘పైదే’ అని రాస్తాం. ఆరు నెలల తర్వాత ఆ అధ్యాయం దిద్దుతూ, రెండో నోటుకూ మూడో నోటుకూ మధ్య కొత్త పేరా చేర్చాం. అందులో వేరే పుస్తకం ఫుట్‌నోట్ ఒకటి పడింది. ఇప్పుడు ఆ కింది ‘పైదే’ ఏ పుస్తకాన్ని చూపిస్తోంది? మధ్యలో వచ్చిన కొత్త పుస్తకాన్ని. రాసిన మనిషికి ఆ తప్పు కనబడదు, ఎందుకంటే ఆ నోటును అతను ముట్టుకోనే లేదు. పదేళ్ల తర్వాత ఎవరో ఆ థీసిస్ చూసి, ఆ పుస్తకం తెరిచి, ఆ పుటలో ఆ మాట లేక తల పట్టుకుంటారు. రిఫరెన్స్ మేనేజర్‌తో పెట్టిన నోట్లయితే, మధ్యలో కొత్తది చేరగానే కింది నోటు దానంతట అదే పుస్తకం పేరుతో మారిపోతుంది. ఇలాంటి ఇబ్బందుల వల్లనే కావచ్చు, 1906 నుంచి వస్తున్న షికాగో మాన్యువల్ అనే రచనా నియమాల పుస్తకం కూడా 2017 నాటి పదిహేడో కూర్పులో, ఈ ‘పైదే’ పద్ధతి కన్నా రచయిత పేరు, కుదించిన శీర్షిక రాయడమే మేలంది.

నోట్లు పుట అడుగున ఉండాలా, పుస్తకం చివర ఉండాలా అనేది కూడా పాత తగువే. ఎడ్వర్డ్ గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతనం మీద రాసిన గ్రంథం మొదటి సంపుటం 1776లో వచ్చినప్పుడు నోట్లన్నీ చివర వేశారు. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ అది చదివి, మాటిమాటికీ చివరికి తిప్పాల్సి వస్తోందని, నోట్లను పుటలోనే వేయమని ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. తర్వాతి ముద్రణల్లో అలాగే వేశారు. అచ్చాఫీసులో పుటలన్నీ మళ్లీ కూర్చాల్సినంత పని అది. ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఎంపిక మారిస్తే అయిపోతుంది. ఫుట్‌నోట్లన్నీ తీసేసి బ్రాకెట్లలో రచయిత పేరు, సంవత్సరం వచ్చే పద్ధతికి మార్చమన్నా మారుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సాఫ్ట్‌వేర్ పెట్టిన ఫుట్‌నోట్‌లో తప్పు కనబడితే, అక్కడికక్కడే టైపు చేసి దిద్దకూడదు. కార్డు దగ్గరికి వెళ్లి దిద్దాలి. నోటులో దిద్దితే ఆ ఒక్క చోటే మారుతుంది, మిగతా నలభై చోట్లా తప్పు అలాగే ఉంటుంది. పైగా ఆ నోటు ఇక సాఫ్ట్‌వేర్ మాట వినదు. మీరు చేత్తో మార్చారు, ఇలాగే ఉంచాలా అని జొటేరో అడుగుతుంది కూడా. అవునంటే, తర్వాత స్టైలు, అంటే నోట్లు రాసే పద్ధతి, మార్చినా ఆ నోటు పాత పద్ధతిలోనే మిగిలిపోతుంది.

ఇంతవరకూ చెప్పినవన్నీ ఏ దేశంలో ఏ భాషలో రాసేవాళ్లకైనా వర్తించేవే. తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులున్నాయి. ఇవి సాఫ్ట్‌వేర్ చూసుకునేవి కావు. మనమే చూసుకోవాలి.

మొదటిది పేరు. రచయిత గడిలో రెండు భాగాలుంటాయి, ఇంటిపేరుకొకటి, సొంత పేరుకొకటి. సొంత పేరు ముందు చెప్పి ఇంటిపేరు తర్వాత చెప్పే జనం పెట్టుకున్న ఏర్పాటు అది. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన సురవరం ప్రతాపరెడ్డిగారి పేరు ఇంగ్లీషు థీసిస్‌లో వాడుతున్నారనుకోండి. సురవరం ఇంటిపేరు గడిలో, ప్రతాపరెడ్డి సొంత పేరు గడిలో సరిగ్గానే వేశారు. గ్రంథసూచిలో సురవరం ముందు వచ్చి, కామా పడి, ప్రతాపరెడ్డి వస్తుంది. అది బాగానే ఉంది. ఫుట్‌నోట్‌లో మాత్రం ‘ప్రతాపరెడ్డి సురవరం’ అని వస్తుంది. ఆ పేరుతో తెలుగు దేశంలో ఆయన్ను ఎవరూ పిలవలేదు. గళ్లు తారుమారు చేసి వేస్తే, సూచిలో ఆయన సురవరం దగ్గర దొరక్కుండా పోతారు.

దీనికి పరిష్కారం జొటేరోలోనే ఉంది. పేరు పక్కన చిన్న గుర్తు ఒకటి ఉంటుంది. అది నొక్కితే రెండు గళ్లు కలిసి ఒకే గడి అవుతుంది. అందులో ‘సురవరం ప్రతాపరెడ్డి’ అని రాస్తే నోటులోనూ సూచిలోనూ అలాగే వస్తుంది, కామా పడదు. తెలుగు లిపిలో ఎక్కించే పుస్తకాలన్నిటికీ ఒకే గడి వాడమని నా గట్టి సలహా. కలం పేర్లకూ ఇదే దారి. ఆరుద్ర అంటే ఆరుద్రే. భాగవతుల సదాశివశంకర శాస్త్రి అని రాసి ‘భా’ దగ్గర పెడితే, ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కోసం వచ్చినవాళ్లు ‘ఆ’ దగ్గర వెతికి వెనక్కి వెళ్లిపోతారు. పుస్తకం ముఖపుట మీద ఏ పేరుందో ఆ పేరే కార్డులో ఉండాలి.

ఇంగ్లీషులో రాసిన తెలుగువారి విషయంలో ఇంకో ముడి ఉంది. వెల్చేరు నారాయణరావుగారి పుస్తకాలు తెలుగు సాహిత్యం చదివేవాళ్లందరికీ కావలసినవే. డేవిడ్ షుల్మన్‌తో కలిసి 2002లో తెచ్చిన సంకలనం, షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యంలతో కలిసి 2001లో తెచ్చిన చరిత్ర రచనా గ్రంథం వాటిలో ఉన్నాయి. విదేశీ సూచికల్లో ఆయన పేరు కొన్ని చోట్ల ‘నారాయణరావు, వెల్చేరు’ అని ఉంటుంది, కొన్ని చోట్ల ‘రావు, వెల్చేరు నారాయణ’ అని ఉంటుంది. గ్రంథాలయాల వెబ్‌సైట్ల నుంచి కార్డులు దిగుమతి చేసుకుంటే రెండు రూపాలూ వస్తాయి. సాఫ్ట్‌వేర్‌కు వీరిద్దరూ ఒకరేనని తెలియదు. ఒక పుస్తకం ‘ఎన్’ దగ్గరికీ, ఇంకొకటి ‘ఆర్’ దగ్గరికీ వెళ్తుంది. రావు అనే పేరున్నవాళ్లు ఇంకా నలుగురుంటే, వాళ్లను విడదీయడానికి ఒక్కొక్కరికీ పొడి అక్షరాలు తగిలిస్తుంది. ఒకే మనిషి అధ్యాయంలో ఇద్దరైపోతాడు. కార్డు ఎక్కించిన రోజే రూపం ఒకటి నిర్ణయించుకుని అన్ని కార్డుల్లో అదే ఉంచితే ఈ గొడవ ఉండదు.

రెండో చిక్కు ముద్రణ. దీన్ని కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే మన థీసిస్‌లలో ఇది తరచుగా జరుగుతుంది. బ్రౌణ్య నిఘంటువు, అంటే సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు, మొదట 1852లో మద్రాసులో అచ్చయింది. 1903లో దాన్ని సవరించి, పెంచి మళ్లీ వేశారు. ఆ సవరణ చేసినవారు ఎం. వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్. క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం. ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో పెట్టినది ఈ 1903 ప్రతి. పరిశోధక విద్యార్థి అందులో ఒక మాటకు అర్థం చూసి, ‘బ్రౌన్, 1852’ అని ఫుట్‌నోట్ పెడతాడు. కానీ ఆ అర్థం బ్రౌన్ రాసిందో, యాభై ఏళ్ల తర్వాత సవరించినవారు చేర్చిందో అతనికి తెలియదు. ఫలానా మాట పందొమ్మిదో శతాబ్దం నడుమ వాడుకలో ఉందని అతను చేసే వాదన మొత్తం ఆ ఒక్క సంవత్సరం మీద నిలబడి ఉండవచ్చు.

కార్డులో దీన్ని ఇలా ఎక్కించాలి. రచయిత బ్రౌన్. సంవత్సరం 1903, ఎందుకంటే మీరు చూసిన ప్రతి అదే. ముద్రణ గడిలో రెండో కూర్పు అని రాయాలి. సవరించిన ముగ్గురినీ సంపాదకులుగా చేర్చాలి. ‘ఎక్స్‌ట్రా’ అనే గడిలో మొదటి ముద్రణ సంవత్సరం 1852 అని నమోదు చేయడానికి వీలుంది. కొన్ని స్టైళ్లు ఆ రెండు సంవత్సరాలనూ కలిపి చూపిస్తాయి. ఇంత చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత ఆ నిఘంటువును వందసార్లు ఉదహరించినా ప్రతిసారీ సరిగ్గా వస్తుంది.

మూడో చిక్కు మన సంవత్సరాలు. పాత తెలుగు పుస్తకాల మీద, పత్రికల మీద క్రీస్తుశకం ఉండకపోవచ్చు, సంవత్సరం పేరు మాత్రమే ఉండవచ్చు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ‘భారతి’ 1924 జనవరిలో మొదలైంది. అది రుధిరోద్గారి సంవత్సరం. ఆ రుధిరోద్గారి 1923 ఉగాదికి వచ్చి 1924 ఉగాదికి వెళ్లింది. 1983లో మళ్లీ వచ్చింది. ఒక పత్రిక మీద రుధిరోద్గారి కార్తీకం అని ఉంటే అది 1923 చివర అవుతుంది, పుష్యం అని ఉంటే 1924 మొదట్లో కావచ్చు. తేదీ గడికి అంకెలే తెలుసు. కాబట్టి నెల చూసుకుని క్రీస్తుశకం సంవత్సరం లెక్కగట్టి ఆ గడిలో వేయాలి. అసలు సంచిక మీద ఉన్న మాటను ‘ఎక్స్‌ట్రా’ గడిలోనో, నోటులోనో ఉన్నదున్నట్టు రాసుకోవాలి. లెక్క తప్పితే, దిద్దుకోవడానికి ఆ మాట ఆధారంగా ఉంటుంది.

స్కాన్ చేసిన పుస్తకాల సంగతి కూడా ఇందులో భాగమే. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుణ్యమా అని వేల తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతున్నాయి. ఎంత పెద్ద మేలో మాటల్లో చెప్పలేం. అయితే వాటి పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కోసారి పోల్చుకోలేని వర్ణక్రమంలో ఉంటాయి. ఒక్క క్లిక్కుతో కార్డు తయారవుతుంది గానీ, ఆ తప్పుల పేరే కార్డులోకి వస్తుంది. అందుకని స్కాన్ తెరిచి ముఖపత్రం చూడండి. ముఖపత్రం వెనక పుట కూడా చూడండి, ముద్రాపకుల పేరు, ప్రతుల సంఖ్య, ఎన్నో కూర్పో అక్కడ ఉంటాయి. అవి చూసి కార్డు దిద్దుకోండి. భాష గడిలో తెలుగుకు గుర్తుగా ‘టి’, ‘ఇ’ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు వేయండి. అది వేయకపోతే, ఇంగ్లీషు లిపిలో రాసిన తెలుగు శీర్షికను సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు శీర్షిక అనుకుని, కొన్ని స్టైళ్లలో ప్రతి మాటకూ పెద్ద అక్షరం తగిలిస్తుంది.

డీటీపీ సెంటర్ల గురించి ఒక మాట. మన దగ్గర చాలా పుస్తకాలు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కూర్చుతున్నారు. జొటేరో పనిచేసేది వాటితో కాదు, యూనికోడ్‌తో. అందువల్ల థీసిస్‌ను యూనికోడ్‌లోనే, వర్డులోనో లిబ్రాఫీసులోనో మొదలుపెట్టి అందులోనే ముగించండి. అచ్చుకు ఇచ్చేటప్పుడు ఒక నకలు తీసి, ఆ నకలులో మాత్రం సాఫ్ట్‌వేర్ లంకెలు తెంపి మామూలు అక్షరాలుగా మార్చి ఇవ్వండి. లంకెలున్న అసలు ప్రతిని మీ దగ్గరే ఉంచుకోండి. రెండో ముద్రణకు అదే కావాలి. తెలుగు పుస్తకాలు వేరే పట్టికగా, ఇంగ్లీషు పుస్తకాలు వేరే పట్టికగా ఇవ్వడం మన థీసిస్‌లలో అలవాటు. జొటేరో అన్నిటినీ ఒకే పట్టికలో వేస్తుంది. ఆ విడదీయడం కూడా చివరి నకలులో చేసుకోవలసిన పనే.

కృత్రిమ మేధను అడిగి గ్రంథసూచి రాయించుకునేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అది లేని పుస్తకాలను కూడా ఉన్నట్టుగా, రచయిత పేరుతో, పుట సంఖ్యలతో సహా రాసిస్తుంది. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు న్యాయవాదులు అలా పుట్టిన లేని తీర్పులను కోర్టుకు సమర్పించారు. కోర్టు వాళ్లకు, వాళ్ల సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. చేత్తో పట్టుకుని గానీ, స్కాన్ తెరిచి గానీ చూడని పుస్తకానికి కార్డు రాయకండి.

చివరగా, నాకు ఎక్కువ ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. ఫుట్‌నోట్‌లో ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ కామా, ఎక్కడ చుక్క అని సాఫ్ట్‌వేర్‌కు చెప్పే ఫైలును స్టైలు అంటారు. 2008లో, అప్పట్లో ఎండ్‌నోట్ యజమానులైన థామ్సన్ రాయిటర్స్ వాళ్లు, తమ స్టైలు ఫైళ్లను జొటేరో చదివి మార్చుకునేలా జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం చేసిందని వర్జీనియా కోర్టులో దావా వేశారు. కోటి డాలర్ల నష్టపరిహారం అడిగారు. 2009లో కోర్టు ఆ దావా కొట్టేసింది. ఆ తగవు అలా ఉండగానే, సైటేషన్ స్టైల్ లాంగ్వేజ్ అనే బహిరంగ పద్ధతి పెరిగింది. ఎవరైనా స్టైలు రాయవచ్చు, అందరూ వాడుకోవచ్చు. ఆ పద్ధతిలో ఇవాళ పది వేలకు పైగా స్టైళ్లు ఉచితంగా దొరుకుతున్నాయి. ఎన్నో పత్రికలకూ విశ్వవిద్యాలయాలకూ విడివిడిగా ఉన్నాయి.

మన సంగతి చూస్తే, తెలుగు శాఖల్లో ఒక్కో చోట ఒక్కో పద్ధతి. ఒకరు పుట అంటారు, ఒకరు పేజీ అంటారు. ఒకరు ‘పైదే’ అంటారు, ఒకరు ‘అదే’ అంటారు. ఇంగ్లీషువాళ్ల స్టైలు పెట్టుకుని తెలుగు థీసిస్ రాస్తే ఫుట్‌నోట్‌లో ‘పైదే’కు బదులు ‘ఇబిడ్’ అని, సంపాదకుడి దగ్గర ‘ఎడిటెడ్ బై’ అని ఇంగ్లీషువాళ్ల మాటలు పడతాయి. విద్యార్థి అవన్నీ చేత్తో మారుస్తాడు. దాంతో సాఫ్ట్‌వేర్ వాడిన ప్రయోజనమే పోతుంది.

అందుకే తెలుగు శాఖల ఆచార్యులకు, విశ్వవిద్యాలయాల గ్రంథాలయాధికారులకు నా విన్నపం. హైదరాబాదులో గానీ, విశాఖలో గానీ, తిరుపతిలో గానీ ఒక చోట కూర్చోండి. తెలుగు పుస్తకానికి, తెలుగు పత్రికలో వ్యాసానికి, తాళపత్ర ప్రతికి, శాసనానికి ఫుట్‌నోట్ ఎలా ఉండాలో ఒక పద్ధతి ఒప్పుకోండి. ఇంటిపేరు ముందు, కామా లేకుండా. పుటకు ఏ పొడి అక్షరమో, సంపాదకుడికి ఏదో, సంవత్సరం ఎక్కడో నిర్ణయించండి. తర్వాత కంప్యూటర్ తెలిసిన విద్యార్థి ఒకరికి అప్పగిస్తే దాన్ని స్టైలుగా రాసిపెట్టగలరు. అది ఆ బహిరంగ భాండారంలో చేరితే, డల్లాస్‌లో కూర్చుని తెలుగు సాహిత్యం మీద రాసేవాళ్లకు కూడా పనికొస్తుంది.

విద్యార్థులకు చెప్పేది ఒకటే. థీసిస్ ముగిసేదాకా ఆగకండి. ఈ వారం మీరు చదువుతున్న పుస్తకంతోనే మొదటి కార్డు రాయండి.